ఉన్న హోమ్ లోన్ మీదే మళ్లీ అప్పు తీసుకుని ఇల్లు బాగుచేయించుకోవచ్చా? (వనస్థలిపురం, 150 గజాల ఇల్లు)

వనస్థలిపురం_శ్రీను

అందరికీ నమస్కారం. హైదరాబాద్ వనస్థలిపురంలో 150 గజాల్లో మాకు ఇండిపెండెంట్ ఇల్లుంది. కింద రెండు బెడ్‌రూమ్‌లు, పైన ఖాళీ డాబా. 2014లో బ్యాంకు లోన్‌తో కొన్నాం. ఇంకా 18 లక్షల అసలు మిగిలి ఉంది. మధ్యలో వడ్డీలు పెరిగినప్పుడల్లా గడువు జరుగుతూ వచ్చి, ఇప్పుడు ఇంకో 11 ఏళ్లు కట్టాలి. వడ్డీ 9.4 శాతం, ఈఎంఐ సుమారు 21,900.

2020 అక్టోబర్ వానల తర్వాత ఇంట్లో చెమ్మ మొదలైంది. ఏటా పెరుగుతోంది. ఇప్పుడు వెనక గదిలో స్లాబ్ కింద పెచ్చులు ఊడుతున్నాయి. రెండు బాత్‌రూమ్‌ల గోడలూ బయటి వైపు తడిగానే ఉంటున్నాయి. వైరింగ్ కూడా పాతదే, ఏసీ, గీజర్ కలిపి వేస్తే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోతోంది. వీటన్నిటికీ, వంటింటి కప్‌బోర్డులతో కలిపి 10 లక్షలవుతుందని మేస్త్రీ అంటున్నాడు. ఎలాగూ పని పెట్టుకుంటున్నాం కదా, పైన ఒక పోర్షన్ కూడా వేసేస్తే ఇంకో 18 లక్షలు, కిరాయి 14 వేల దాకా వస్తుంది అని కూడా అంటున్నాడు.

వేరే బ్యాంకు తరఫున ఒక ఏజెంటు రోజూ ఫోన్ చేస్తున్నాడు. పాత లోన్ వాళ్ల దగ్గరికి మార్చుకుంటే 8 శాతానికే ఇస్తారట. దాని మీద 28 లక్షలు టాప్-అప్ (అదే ఇంటి తాకట్టు మీద ఇచ్చే అదనపు అప్పు), మొత్తం 46 లక్షలు, 20 ఏళ్లు, నెలకు 38,500 అంటున్నాడు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, చేతికి లక్షా పది వేల దాకా వస్తుంది. పాప ఇంటర్ చదువుతోంది. మా ఆవిడ మాత్రం "ఇన్నేళ్లు కట్టిన అప్పును మళ్లీ మొదటికి తెస్తారా" అంటోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఉప్పల్_రాజు

అన్నా, టాప్-అప్ తీసుకో. పర్సనల్ లోన్‌కు వెళ్తే 12 శాతానికి తక్కువ రాదు. బయట ఫైనాన్స్‌లో అయితే నూటికి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. సొంత ఇల్లు పెట్టుకుని 8, 8.5కి దొరుకుతుంటే ఎందుకు వదులుకోవాలి? నేను అలాగే తీసుకుని మార్బుల్ తీసేసి టైల్స్ వేయించాను. ఈఎంఐ తేలిక, ప్రతి నెలా ఊపిరి ఆడుతుంది.

మల్కాజిగిరి_మూర్తి

శ్రీను గారూ, నేను బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మీ ఆవిడ అడిగిన ప్రశ్నే ఇందులో అసలు ప్రశ్న. అందరూ వడ్డీ శాతం చూస్తారు. డబ్బు పోయేది గడువులో.

10 లక్షలు 8.5 శాతానికి 20 ఏళ్లకు తీసుకుంటే నెలకు 8,678. చూడటానికి తేలికే, కానీ మొత్తం వడ్డీ 10 లక్షల 83 వేలు. అదే 10 ఏళ్లకు తీసుకుంటే నెలకు 12,399, వడ్డీ 4 లక్షల 88 వేలు. 7 ఏళ్లకైతే నెలకు 15,836, వడ్డీ 3 లక్షల 30 వేలు. ఇప్పుడు రాజు గారు చెప్పిన 12 శాతం పర్సనల్ లోన్ చూడండి. 5 ఏళ్లకు నెలకు 22,244, వడ్డీ 3 లక్షల 35 వేలు. 12 శాతం అప్పుకు కట్టే వడ్డీ, 20 ఏళ్ల 8.5 శాతం అప్పుకు కట్టే వడ్డీలో మూడో వంతు కూడా లేదు. పర్సనల్ లోన్ తీసుకోమని దీని అర్థం కాదు. ఇల్లు తాకట్టు పెట్టి తక్కువ వడ్డీకి తెచ్చుకున్న లాభం మిగలాలంటే గడువు మీ చేతిలో ఉండాలి.

ఇంకో లెక్క ఏజెంటు మీకు చెప్పి ఉండడు. మీ పాత 18 లక్షలు ఇప్పటి ఈఎంఐతో 11 ఏళ్లు కడితే మొత్తం సుమారు 28 లక్షల 95 వేలు అవుతుంది. దాన్ని 8 శాతానికి మార్చి 20 ఏళ్లకు సాగదీస్తే ఈఎంఐ 15,056కి దిగుతుంది, కానీ కట్టేది 36 లక్షల 13 వేలు. వడ్డీ దాదాపు శాతంన్నర తగ్గినా మీ జేబులోంచి 7 లక్షలు ఎక్కువ పోతుంది. టాప్-అప్ కోసం వెళ్లి పాత అప్పును కూడా కొత్త అప్పు చేసుకోవడం అంటే ఇదే. మార్చుకోవాల్సి వస్తే పాత బాకీకి 11 ఏళ్లు, టాప్-అప్‌కు వేరే గడువు, రెండు వేర్వేరు లోన్ అకౌంట్లుగా అడగండి.

అంతకంటే ముందు మీ బ్యాంకుకు వెళ్లి ఒక మాట అడగండి. మీది 2014 లోన్ కాబట్టి అది ఇంకా బేస్ రేటు, అంటే బ్యాంకు తన లెక్క ప్రకారం తనే నిర్ణయించే పాత పద్ధతి రేటు మీదే నడుస్తూ ఉండొచ్చు. 2016 ఏప్రిల్‌లో దాని బదులు ఎంసీఎల్ఆర్ అనే ఇంకో పద్ధతి వచ్చింది, అదీ బ్యాంకు సొంత లెక్కే. 2019 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) హోమ్ లోన్లన్నీ రెపో (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే రేటు) లాంటి బయటి రేటుకు ముడిపెట్టాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది, కనీసం మూడు నెలలకోసారి వడ్డీ సవరించాలి. 2025లో రెపో 6.50 నుంచి 5.25కి దిగింది. కొత్త పద్ధతిలో ఉన్నవాళ్లకు ఆ తగ్గుదల త్వరగా అందింది. పాత పద్ధతిలో ఉండిపోయినవాళ్లు అడిగితే తప్ప ఎవరూ పిలిచి మార్చరు. చిన్న ఫీజు కట్టి, ఒక కాగితం మీద సంతకం పెడితే అక్కడే మారిపోతుంది. మీది బ్యాంకు కాకుండా హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే ఈ రెపో నిబంధన వాళ్లకు వర్తించదు, అప్పుడు బయటికి మారడం గురించి ఆలోచించాలి.

వనస్థలిపురం_శ్రీను

మూర్తి గారూ, చాలా థాంక్స్ సర్. మాది బ్యాంకే. ఏ రేటు మీద ఉందో ఇన్నాళ్లూ అడగలేదు, వచ్చే వారం వెళ్లి కనుక్కుంటాను. పాస్‌బుక్‌లో అది ఎక్కడా కనిపించడం లేదు.

ఉప్పల్_రాజు

సర్, మీ లెక్క కాదనను. కానీ ఫ్లోటింగ్ హోమ్ లోన్ ముందే కట్టేస్తే పెనాల్టీ లేదు కదా. 20 ఏళ్లకు తీసుకుని, చేతిలో డబ్బు ఉన్నప్పుడు ఎక్కువ కట్టుకోవచ్చు. 7 ఏళ్లకు తీసుకుంటే ఒక నెల జీతం ఆగినా ఈఎంఐ తప్పిపోతుంది, సిబిల్ స్కోరు (అప్పులు ఎలా కడుతున్నామో చూపే మార్కు) పాడవుతుంది.

పద్మజ_ఏఎస్‌రావునగర్

రాజు గారి మాటలో నిజం ఉంది. మా వారిది సాఫ్ట్‌వేర్. కిందటి ఏడాది వాళ్ల ప్రాజెక్ట్ ఆగిపోయి కొన్ని నెలలు జీతం లేదు. మాది పెద్ద గడువు లోన్ కావడం వల్లే నా ఒక్కదాని జీతంతో ఈఎంఐ కట్టగలిగాం. తక్కువ గడువే గొప్ప అని అందరికీ ఒకే సలహా ఇవ్వడం సరికాదు. ప్రైవేటు ఉద్యోగాలవాళ్లకు ఆ టెన్షన్ వేరు.

మల్కాజిగిరి_మూర్తి

పద్మజ గారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటాను. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ హోమ్ లోన్లకు ముందస్తు చెల్లింపు చార్జీలు వద్దని రిజర్వ్ బ్యాంకు 2012లోనే చెప్పింది, కాబట్టి రాజు గారి పద్ధతి నిబంధనల ప్రకారం బాగానే ఉంటుంది. నేను కౌంటర్ అవతల కూర్చుని చూసింది వేరు. తర్వాత ఎక్కువ కడతాం అని 20 ఏళ్లకు తీసుకున్నవాళ్లలో కట్టినవాళ్లు తక్కువ. పండగో, ఫీజో, పెళ్లో ఏదో ఒకటి వస్తుంది. మధ్యే మార్గం చెప్తాను. 10 ఏళ్లకు తీసుకోండి, 7 ఏళ్ల ఈఎంఐ ఎంతో ఆ తేడా మొత్తం ప్రతి నెలా జీతం పడిన మర్నాడే లోన్ అకౌంటుకు వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. కష్టం వచ్చిన నెల దాన్ని ఆపుకోవచ్చు. అదనంగా కట్టినప్పుడు "ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించండి" అని రాసి ఇవ్వాలి.

నాచారం_సివిల్

నేను ఇరవై ఏళ్లుగా ఇళ్ల పనులు చేయిస్తున్న సివిల్ ఇంజినీర్‌ని. అప్పు ఎక్కడ తేవాలి అన్నది తర్వాతి మాట. శ్రీను గారు ముందు తేల్చుకోవాల్సింది పైన ఫ్లోర్ వేస్తారా, వేయరా.

ఎందుకంటే మీ అంచనాలో డాబా వాటర్ ప్రూఫింగ్ ఉంది. దాన్ని పక్కాగా చేయించి, పైన కూల్ టైల్స్ కూడా వేయించి, రెండేళ్లకు అదే స్లాబ్ మీద గోడలు లేపితే ఆ డబ్బంతా ఫ్లోరింగ్ కింద పూడిపోతుంది. పోర్షన్ వేసేదుంటే ఇప్పుడు పగుళ్లు మూసి, ప్యారపెట్ గోడ, స్లాబ్ కలిసే మూల సరిచేసి, వాన నీటి పైపుల దగ్గర లీకులు ఆపితే చాలు. వేయకపోతే పూర్తి పని చేయించండి. ఏ పనైనా మార్చి నుంచి మే లోపల, జూన్ వానలు రాకముందు పూర్తవ్వాలి. కెమికల్ కోటింగ్ ఆరాక డాబా మీద నీళ్లు కట్టి రెండు రోజులు నిలబెట్టి కింద తడి వస్తుందేమో చూసి, ఆ తర్వాతే బిల్లు ఇవ్వండి.

పెచ్చులు ఊడటం మాత్రం నన్ను ఆలోచనలో పడేస్తోంది. ఎక్కువగా లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బితేనే కింద కాంక్రీటు ఊడుతుంది. కింద పుట్టీ పెట్టి రంగు వేస్తే కనిపించకుండా పోతుంది, అంతే. ఊడిన మేరకు కొట్టేసి, ఇనుప చువ్వలు వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, తుప్పు ఆపే పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో మళ్లీ కట్టాలి. చువ్వ బాగా సన్నబడి ఉంటే పక్కన కొత్త చువ్వ కట్టాలి. మేస్త్రీ ఎస్టిమేట్‌లో ఇది ఉందో లేదో విడిగా అడగండి. సాధారణంగా ఉండదు. పని మొదలయ్యాక "సార్, ఇది కూడా ఉంది" అని వస్తుంది. అందుకే 10 లక్షల ఎస్టిమేట్‌కు 10 లక్షలే లోన్ పెట్టుకోకండి, ఒకటిన్నర లక్ష మీ చేతి డబ్బు పక్కన ఉంచుకోండి.

ఇక ఫ్లోర్ విషయం. 2014లో మీరు కొన్నప్పుడు ఆ ఇంటి వయసెంత? పిల్లర్లు ఉన్నాయా, గోడల మీదే స్లాబ్ ఉందా? పిల్లర్లు ఉంటే ఎంత సైజు? స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో రీబౌండ్ హ్యామర్ పరీక్ష (కాంక్రీటు బలం అంచనా వేసేది) చేయించి, పునాది ఒక చోట తవ్వి చూపించి రిపోర్టు తీసుకోకుండా పైన ఒక్క ఇటుక కూడా పెట్టొద్దు. కిందున్నది మీ పిల్లలు. మేస్త్రీ "తట్టుకుంటది సార్" అన్నది రిపోర్టు కాదు.

పర్మిషన్ విషయానికొస్తే 150 గజాలకు పెద్ద తలనొప్పి లేదు. 2020లో తెలంగాణలో ఇళ్ల అనుమతుల కోసం వచ్చిన బీపాస్ చట్టం ప్రకారం 600 గజాల లోపు ప్లాటులో, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి సెల్ఫ్ సర్టిఫికేషన్‌తో ఆన్‌లైన్‌లో వెంటనే అనుమతి వస్తుంది. కానీ సెట్‌బ్యాక్‌లు, అంటే ఇంటి చుట్టూ ఖాళీ జాగా వదలాలి. మన దగ్గర పాత ఇళ్లలో చాలావాటికి పక్కన వదిలిన జాగా ప్లాన్‌లో ఒకలా, నేల మీద ఒకలా ఉంటుంది. ముందు టేపు పట్టి కొలవండి.

సైదాబాద్_ఫణి

మా గల్లీలో పర్మిషన్ లేకుండా పెంట్‌హౌస్ వేసినవాళ్లు ఎంతమంది ఉన్నారో. ఎవరూ ఏమీ అనట్లేదు.

మల్కాజిగిరి_మూర్తి

ఫణి గారూ, మున్సిపాలిటీ వాళ్లు రాకపోవచ్చు, కానీ లోన్ అడిగితే బ్యాంకు వాల్యుయర్ వస్తాడు. మంజూరైన ప్లాన్ చేతిలో పట్టుకుని కొలుస్తాడు. ప్లాన్‌లో లేని అంతస్తుకు విలువ కట్టడు. మరీ తేడా ఉంటే మొత్తం ఫైలే వెనక్కి వస్తుంది. కొత్త ఫ్లోర్ కట్టడానికి లోన్ ఇవ్వాలంటే పర్మిషన్ కాగితం తప్పనిసరి, డబ్బు కూడా స్లాబ్ పడ్డాక కొంత, ప్లాస్టరింగ్ అయ్యాక కొంత అని దశలవారీగా వస్తుంది. టాప్-అప్‌లో అలా బిల్లులు అడగరని చాలామంది ఆ దారిన వెళ్తారు. 2024 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు అప్పటి గవర్నర్ శక్తికాంత దాస్ ఇదే విషయం ఎత్తారు. టాప్-అప్ లోన్లలో ఇంటి విలువకు తగ్గ పరిమితులు, డబ్బు దేనికి వాడుతున్నారన్న నిఘా కొన్ని సంస్థలు సరిగ్గా పాటించడం లేదన్నారు. ఆ తర్వాత చాలాచోట్ల ప్రశ్నలు పెరిగాయి.

శ్రీను గారూ, మీ బ్యాంకులో టాప్-అప్ అని కాకుండా ఇంటి రిపేర్, రెనొవేషన్ లోన్ ఉందా అని కూడా అడగండి. ఇంజినీర్ సంతకంతో ఎస్టిమేట్ ఇవ్వాలి, పని ఫొటోలు చూపించాలి. కొంచెం తిరగాలి కానీ చాలా బ్యాంకుల్లో వడ్డీ హోమ్ లోన్ దగ్గర్లోనే ఉంటుంది.

వనస్థలిపురం_శ్రీను

నాచారం సివిల్ గారూ, ఇల్లు 2009లో కట్టింది. పిల్లర్లు ఉన్నాయి, 9 బై 12 అంగుళాలు అని పాత ఓనర్ చెప్పాడు. మీరు చెప్పినట్టే ఇంజినీర్‌ని పిలుస్తాను. కిరాయి లెక్క మీద కూడా ఎవరైనా చెప్పగలరా?

నాచారం_సివిల్

పైన పోర్షన్ 900 చదరపు అడుగులు అనుకుంటే, 18 లక్షలంటే అడుగుకు 2,000. స్ట్రక్చర్, గోడలు, మామూలు ఫినిషింగ్ వరకు సరిపోవచ్చు. మెట్ల పైన హెడ్‌రూమ్, ఇంకో ట్యాంకు, కొత్త కరెంటు మీటరు, డ్రైనేజీ లైను కలపడం ఇవి అందులో ఉన్నాయో చూసుకోండి. బోరు, సంపు రెండు కుటుంబాలకు సరిపోతాయా అన్నది కూడా. వనస్థలిపురంలో ఎండాకాలం ట్యాంకర్ల సంగతి మీకే తెలుసు.

మల్కాజిగిరి_మూర్తి

18 లక్షలకు 8.5 శాతం, 15 ఏళ్లు అంటే నెలకు 17,725. కిరాయి 14 వేలు. ఖాళీగా ఉండే నెలలు, రంగులు, పెరిగే ప్రాపర్టీ ట్యాక్స్ వదిలేసినా నెలకు దాదాపు 3,700 మీరే వేసుకోవాలి. "కిరాయే ఈఎంఐ కట్టేస్తుంది" అన్న మాట ఈ లెక్కలో నిలబడదు. పాపకు రేపు పైన గది కావాలి, అమ్మానాన్నలు వచ్చి ఉండాలి అనుకుంటే అది వేరే కారణం. అప్పుడు కిరాయి లెక్క అవసరమే లేదు.

కూకట్‌పల్లి_కిరణ్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది కొంచెం వేరు. ఇల్లు నాన్నగారి పేరు మీద ఉంది, అప్పు ఏమీ లేదు. నేను నా జీతం మీద లోన్ తీసుకుని బాగుచేయిస్తా అంటున్నా. ఒక సంస్థవాళ్లు లోన్ ఎగైనెస్ట్ ప్రాపర్టీ (ఏ అవసరానికైనా ఆస్తి తాకట్టు మీద ఇచ్చే అప్పు) ఇస్తామంటున్నారు. అక్క, తమ్ముడు ఉన్నారు.

మల్కాజిగిరి_మూర్తి

కిరణ్ గారూ, లోన్ ఎగైనెస్ట్ ప్రాపర్టీకి వడ్డీ హోమ్ లోన్ కంటే ఎక్కువ, ఇంటి విలువలో ఇచ్చే భాగం తక్కువ. అదే ఇంటి రిపేర్ కోసం అయితే రిపేర్ లోన్ పేరు మీదే అడగండి. నాన్నగారు ఓనర్ కాబట్టి ఆయన లోన్‌లో సహ రుణగ్రహీతగా చేరి, దస్తావేజులు ఆయనే డిపాజిట్ చేయాలి. ఆయన వయసును బట్టి బ్యాంకు గడువు కూడా తగ్గించవచ్చు.

సరూర్‌నగర్_సుజాత

కిరణ్ తమ్ముడూ, నేను ఆడపిల్ల వైపు నుంచి చెప్తాను. మా అన్నయ్య కూడా నాన్న పేరున ఉన్న ఇంటి మీద లోన్ తీసుకుని పై అంతస్తు వేశాడు. పని మొదలుపెట్టకముందే అందరినీ పిలిచి కూర్చోబెట్టాడు. తను పెట్టే డబ్బెంత, రేపు పంపకాలు వస్తే ఆ ఖర్చు ఎలా లెక్కేయాలి అన్నది నాన్న ఉండగానే వీలునామాలో రాయించారు. నాన్న వీలునామా రాయకుండా పోతే ఆయన సొంత ఆస్తిలో అమ్మకూ పిల్లలందరికీ సమాన వాటా. అప్పుడు "ఈఎంఐ నేను కట్టాను" అని ఒకరు, "మాకు చెప్పకుండా ఇల్లు తాకట్టు పెట్టావు" అని ఇంకొకరు మొదలుపెడతారు. మా ఇంట్లో ఆ మాట రాలేదంటే అన్నయ్య ముందే అడిగాడు కాబట్టి. మీ అక్కకు ఇవాళే ఫోన్ చేయి.

కూకట్‌పల్లి_కిరణ్

అక్కా, నిజం చెప్పారు. ఈ ఆదివారం అందరం కలుస్తున్నాం, అప్పుడే మాట్లాడతాను.

సీఏ_లక్ష్మి

ట్యాక్స్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. హోమ్ లోన్ వడ్డీకి 2 లక్షల మినహాయింపు ఉంది కదా అని టాప్-అప్ మొత్తం అందులో వేసుకుంటున్నవాళ్లను ప్రతి ఏడాదీ చూస్తున్నాను. మీరుండే ఇంటికి 2 లక్షల పరిమితి కొనడానికి, కట్టడానికి తీసుకున్న అప్పు వడ్డీకి. రిపేర్లు, రెనొవేషన్‌కు తీసుకున్న అప్పు వడ్డీకి ఏడాదికి 30 వేలు మాత్రమే, అదీ ఆ 2 లక్షల లోపలే. పైన కొత్తగా ఫ్లోర్ కడితే అది నిర్మాణం కింద వస్తుంది. రిపేర్ లోన్ అసలు కట్టినదానికి ట్యాక్స్ మినహాయింపు వర్తించదు. ఇదంతా పాత ట్యాక్స్ విధానంలో ఉంటేనే. కొత్త విధానం ఎంచుకుంటే సొంతానికి ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపే లేదు. ఇప్పుడు ఉద్యోగుల్లో చాలామంది కొత్త విధానంలోనే ఉన్నారు, కాబట్టి "ట్యాక్స్ కలిసొస్తుంది" అని అప్పు పెంచుకోకండి. డబ్బు రిపేర్లకే ఖర్చయిందని చూపే బిల్లులు, బ్యాంకు వడ్డీ సర్టిఫికెట్ దాచుకోండి.

పద్మజ_ఏఎస్‌రావునగర్

బ్యాంకు మారాలనుకునేవాళ్లకు మా అనుభవం. బ్యాంకుల పేర్లు వద్దు. కొత్త బ్యాంకు "ప్రాసెసింగ్ ఫీజు సున్నా" అంది. నిజమే, ఆ ఫీజు తీసుకోలేదు. లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, కొత్తగా మళ్లీ డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్ (దస్తావేజులు బ్యాంకులో తాకట్టు పెట్టిన పత్రం) రిజిస్ట్రేషన్, దాని స్టాంప్ డ్యూటీ అన్నీ మావే. వీటిపైన మంజూరు చేసేటప్పుడు సింగిల్ ప్రీమియం ఇన్సూరెన్స్ ఒకటి లోన్‌లోనే కలిపేశారు. అంటే ఆ ప్రీమియం మీద కూడా మనం వడ్డీ కట్టాలి. కాగితాలు చదివిన మా వారు మాకు టర్మ్ పాలసీ ఉంది, ఇది వద్దు అని రాసిచ్చాక తీసేశారు. ఒకవేళ పాలసీ జారీ అయిపోయినా, చేతికొచ్చిన 30 రోజుల్లో ఫ్రీ లుక్ కింద వెనక్కి ఇవ్వొచ్చు.

పాత బ్యాంకు దస్తావేజుల కోసం కూడా తిప్పింది. 2023 డిసెంబర్ 1 నుంచి ఒక నిబంధన ఉంది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ పేపర్లు ఇవ్వాలి, వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 పరిహారం. ఆ నిబంధన రాసి మెయిల్ పెట్టాక కదలిక వచ్చింది.

మల్కాజిగిరి_మూర్తి

చాలా ఉపయోగపడే విషయాలు రాశారు మేడం. దీనికి ఒకటి కలుపుతాను. 2024 అక్టోబర్ 1 నుంచి ప్రతి కొత్త రిటైల్ లోన్‌కూ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అందులో వడ్డీతో పాటు ఫీజులు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఏడాదికి అసలు ఖర్చు ఎంత శాతమో ఏపీఆర్ అని ఉంటుంది. ఏజెంటు ఫోన్‌లో చెప్పే 8 శాతాన్ని వదిలేసి రెండు చోట్లా ఆ ఒక్క అంకెను పోల్చండి.

నిజాంపేట_నర్సింహ

అందరూ ఏ లోన్ అని మాట్లాడుతున్నారు. అసలు లోన్ ఎందుకు? ఈ ఏడాది స్లాబ్, వచ్చే ఏడాది బాత్‌రూమ్‌లు, ఆ తర్వాత కిచెన్. చిట్టీ ఎత్తి ఒక్కొక్కటి చేయించుకోవచ్చు. మా నాన్న ఇల్లంతా అలాగే కట్టారు. ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నన్నాళ్లూ ఆ ఇల్లు మనది కాదు.

నాచారం_సివిల్

నర్సింహ అన్నా, కిచెన్ వరకు మీ మాటే నా మాట. మాడ్యులర్ కప్‌బోర్డులు, ఫాల్స్ సీలింగ్, సోఫాలకు ఇల్లు తాకట్టు పెట్టడం నాకూ నచ్చదు. అవి పాడయ్యాక కూడా ఈఎంఐలు పోతుంటాయి. కానీ తుప్పు పట్టే ఇనుము, ఎంసీబీ పడిపోయే వైరింగ్ చిట్టీ వచ్చేదాకా ఆగవు. పుచ్చు పట్టిన పంటిని వదిలేసినట్టు, ఒక్కో వానాకాలానికి ఖర్చు పెరుగుతూ పోతుంది. వాటిని ఒకేసారి చేయించాలి. పైగా బాత్‌రూమ్ పగలగొట్టినప్పుడే పైపులు, వైరింగ్ గాడులు కలిపి కొట్టిస్తే కూలి కలిసొస్తుంది.

సామాను మాత్రం మేస్త్రీకి వదలకండి. శానిటరీ, పైపులు రాణిగంజ్‌లో, స్విచ్‌లు, వైర్లు ట్రూప్ బజార్‌లో ఒక రోజు తిరిగి మీరే ధర తెలుసుకోండి.

ఉప్పల్_రాజు

సోలార్ కూడా ఈ లోన్‌లోనే పెట్టుకుంటే ఎలా ఉంటుంది? డాబా ఖాళీగానే ఉంది కదా.

మల్కాజిగిరి_మూర్తి

దానికి ఇల్లు తాకట్టు అక్కర్లేదు రాజు గారూ. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ ఉంది, బ్యాంకులు తాకట్టు లేకుండా విడిగా లోన్ ఇస్తున్నాయి. కాకపోతే ఫ్లోర్ వేయాలా వద్దా తేలాకే ప్యానెళ్లు బిగించాలి.

వనస్థలిపురం_శ్రీను

అందరికీ అప్‌డేట్. మూర్తి గారు చెప్పిందే నిజమైంది. నా లోన్ ఇంకా బేస్ రేటులోనే ఉంది. మారుస్తారా అని అడిగితే మేనేజర్ మేడం ఫారం ఇచ్చి, రెపో రేటుకు మార్చాక 8.1 శాతం అవుతుందన్నారు. ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించమని రాసిచ్చాను. దాదాపు ఏడాది తగ్గుతోంది. ఏజెంటుకు వద్దని చెప్పేశాను.

స్ట్రక్చరల్ ఇంజినీర్ వచ్చి చూశారు. పిల్లర్లు పైన ఒక ఫ్లోర్‌ను మోయగలవని, కానీ వెనక గది స్లాబ్ ముందు బాగు చేయాల్సిందేనని రిపోర్టు ఇచ్చారు. మేస్త్రీ ఎస్టిమేట్‌లో అది నిజంగానే లేదు. మా ఆవిడా నేనూ కూర్చుని కప్‌బోర్డులు తీసేశాం, స్లాబ్ రిపేర్ కలిపాం. 9 లక్షలకు రిపేర్ లోన్, 8.6 శాతం, 7 ఏళ్లు, నెలకు 14,300. పాతదీ ఇదీ కలిపి నెలకు 36,200. ఏజెంటు 20 ఏళ్లకు చెప్పిన దానికంటే కూడా తక్కువే. ఫ్లోర్ సంగతి పాప ఇంజినీరింగ్‌లో చేరాక చూద్దాం అనుకున్నాం, అందుకే డాబాకు టైల్స్ వద్దని, పగుళ్లు, ప్యారపెట్ మూలలు, పైపుల వరకే చేయిస్తున్నాం.

ఒక సందేహం. బ్యాంకులో ఒరిజినల్స్ ఇప్పటికే ఉన్నాయి కదా, ఈ కొత్త లోన్‌కు మళ్లీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలా?

మల్కాజిగిరి_మూర్తి

చాలా సంతోషం శ్రీను గారూ. కొత్త మొత్తానికి తాకట్టు పొడిగిస్తూ బ్యాంకు మళ్లీ ఒక పత్రం రిజిస్టర్ చేయించమనవచ్చు. అది వాళ్ల లీగల్ సెక్షన్ చెప్తుంది. ఖర్చు ఎంతో ముందే రాతపూర్వకంగా అడగండి. వెళ్లేటప్పుడు తాజా ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్), ప్రాపర్టీ ట్యాక్స్ రసీదు, ఇంజినీర్ ఎస్టిమేట్, ఇద్దరి జీతం స్లిప్పులు తీసుకెళ్లండి. ఇల్లు ఇద్దరి పేరు మీద ఉంటే మేడం గారు కూడా రావాలి. ఇంకో మాట, బ్యాంకు దగ్గర ఉన్న ఒరిజినల్స్ జాబితా, లింక్ డాక్యుమెంట్లతో (పాత ఓనర్ల దస్తావేజులతో) సహా, ఈ సందర్భంలోనే స్టాంపు వేయించి తీసుకోండి. 2014లో ఇచ్చిన జాబితా మీ దగ్గర ఉందా?

వనస్థలిపురం_శ్రీను

లేదు సర్. సోమవారం వెళ్తున్నాం, అడిగి తీసుకుంటాను.